డ్రై నీడ్లింగ్: కండరాల నొప్పి మీద సూది ఎంతవరకు పనిచేస్తుంది?

మెడ పట్టేసిందనో, భుజం ఎత్తలేకపోతున్నాననో ఫిజియోథెరపీ క్లినిక్‌కి వెళ్తే కొన్నేళ్ళ కిందటి వరకు జరిగేది దాదాపు ఒకటే. హాట్ ప్యాక్ పెట్టేవాళ్ళు, సన్నగా కరెంటు పంపే ఐఎఫ్‌టీ మెషిన్ ప్యాడ్లు అంటించేవాళ్ళు, జెల్ రాసి అల్ట్రాసౌండ్ ఇచ్చేవాళ్ళు, చివర్లో నాలుగు ఎక్సర్‌సైజులు చూపించి పంపేవాళ్ళు. ఇప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో క్లినిక్ బోర్డు మీద కప్పింగ్, టేపింగ్ పక్కన డ్రై నీడ్లింగ్ అని కూడా కనిపిస్తోంది. అంటే మందేమీ లేని సన్నని సూదిని నొప్పి ఉన్న కండరంలోకి దించే చికిత్స. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్ళకు ఇది ఇంకా ముందునుంచే పరిచయం. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఫిజికల్ థెరపిస్టు దగ్గరికి వెళ్తే, నీడ్లింగ్ చేయించుకుంటారా అని అడగడం మామూలైపోయింది.

చేయించుకున్నవాళ్ళ మాటలు రెండు రకాలుగా ఉంటాయి. ఒక్క సిటింగ్‌తో మెడ తిరిగిందని ఒకరంటే, గుచ్చి డబ్బు తీసుకున్నారు తప్ప ఒరిగిందేమీ లేదని ఇంకొకరంటారు. ఇద్దరూ ఉన్నమాటే చెబుతున్నారు. పరిశోధనలు చూస్తే, ఈ సూది కండరాల నొప్పిని కొంత తగ్గిస్తుంది; ఆ ఉపశమనం రోజుల నుంచి కొన్ని వారాల వరకు ఉంటుంది. ఆ వ్యవధిలో కండరం చేత ఏ పని చేయించారన్నదాన్ని బట్టి ఆ తర్వాతి సంగతి ఉంటుంది. మొత్తం వైద్యం సూదిలోనే ఉందనుకున్నవాళ్ళకు నిరాశ తప్పదు.

పని వేళ్ళతో మొదలవుతుంది. థెరపిస్టు కండరం పీచుకు అడ్డంగా నొక్కుకుంటూ వెళ్తారు. కండ మెత్తగా జారుతూ ఉండగా ఒకచోట బిగుసుకుపోయిన సన్నని పట్టీ వేలికి తగులుతుంది. ఆ పట్టీ మీద ఒక చిన్న చోట నొక్కేసరికి మనిషి ఉలిక్కిపడతారు. చాలాసార్లు ఆ నొప్పి అక్కడితో ఆగదు. రెక్క ఎముక మీద ఉండే ఇన్‌ఫ్రాస్పైనేటస్ కండరంలో నొక్కితే భుజం ముందువైపు సలుపుతుంది. పిరుదు లోతుల్లో ఉండే గ్లూటియస్ మినిమస్‌లో నొక్కితే కాలు పక్కనుంచి చీలమండ దాకా లాగుతుంది; ఎందరో దాన్నే సయాటికా అనుకుని ఎమ్మారై తీయించుకుంటారు. మెడ పక్కన ఉండే స్టెర్నోక్లీడోమాస్టాయిడ్ నుంచి తలనొప్పి పుట్టొచ్చు. "నాకు రోజూ వచ్చే నొప్పి ఇదే" అని పేషెంటు అన్నారంటే ఆ చోటిని ట్రిగర్ పాయింట్‌గా గుర్తు పెట్టుకుంటారు.

ఆ తర్వాత సూది. మామూలుగా వాడే సూది మందం 0.25 నుంచి 0.30 మిల్లీమీటర్లు. ఇంజెక్షన్లకు వాడే 22 గేజ్ సూది మందం 0.7 మిల్లీమీటర్లు, అంటే రెట్టింపు కంటే ఎక్కువ. పైగా ఇంజెక్షన్ సూది లోపల బోలుగా, కొస ఏటవాలుగా చెక్కి ఉంటుంది కాబట్టి కోసుకుంటూ దిగుతుంది. డ్రై నీడ్లింగ్ సూది బోలు లేని సన్నని తీగ, పీచుల్ని పక్కకు జరుపుకుంటూ వెళ్తుంది. దీంతో మందేమీ ఎక్కించరు. సూది ఒక ప్లాస్టిక్ గొట్టంలో వస్తుంది, దాని పిడి గొట్టం పైకి కొద్ది మిల్లీమీటర్లు పొడుచుకుని ఉంటుంది. చర్మాన్ని శుభ్రం చేసి, గొట్టాన్ని ఆనించి, ఆ పిడి మీద వేలితో టక్కున తడతారు. చర్మం దాటిన సంగతి చాలామందికి తెలియను కూడా తెలియదు. గొట్టం తీసేసి సూదిని కండరంలోకి దించి, పూర్తిగా బయటికి లాగకుండా పైకీ కిందకీ ఆడిస్తారు. సరైన చోట తగిలితే ఆ పట్టీ ఒక్కసారి తనంతట తాను ఎగిరిపడుతుంది. పేషెంటుకు అది పట్టేసినట్టు, చురుక్కుమన్నట్టు అనిపిస్తుంది. ఆ పోటు ఆ క్షణానిదే. రెండు మూడుసార్లు ఎగిరాక కదలిక తగ్గుతుంది. సూది తీసి దూదితో నొక్కి పట్టుకుంటారు. ఒక కండరానికి పట్టే సమయం నిమిషం లోపే. కొందరు సూదిని ఆడించకుండా పది, పదిహేను నిమిషాలు అలాగే ఉంచుతారు, ఇంకొందరు రెండు సూదులకు కరెంటు వైర్లు తగిలిస్తారు. అందరూ దీన్ని డ్రై నీడ్లింగ్ అనే అంటారు, అందుకే ఒకరి అనుభవాన్ని ఇంకొకరి అనుభవంతో పోల్చడం కష్టం.

ఈ పద్ధతికి దారి తీసింది ఇంజెక్షన్లే. 1938లో లండన్‌లో జె.హెచ్. కెల్‌గ్రెన్ మనుషుల కండరాల్లోకి గాఢమైన ఉప్పునీరు ఎక్కించి, నొప్పి ఒకచోట పుట్టి మరోచోట ఎలా తెలుస్తుందో నమోదు చేశారు. అమెరికాలో జానెట్ ట్రావెల్ 1940ల నుంచి ఇలాంటి నొప్పి చోట్ల మత్తుమందు ఇంజెక్షన్లు ఇస్తూ ట్రిగర్ పాయింట్ సిద్ధాంతాన్ని నిలబెట్టారు. నడుం నొప్పితో బాధపడిన జాన్ ఎఫ్. కెనడీకి వైద్యం చేసింది ఆమే. 1961లో అమెరికా అధ్యక్షుడి వ్యక్తిగత వైద్యురాలిగా వైట్‌హౌస్‌లో అడుగుపెట్టిన తొలి మహిళ కూడా ఆమే. డేవిడ్ సైమన్స్‌తో కలిసి ఆమె రాసిన గ్రంథం మొదటి సంపుటం 1983లో వచ్చింది. ఏ కండరంలో నొక్కితే నొప్పి ఎటు పాకుతుందో చూపే అందులోని బొమ్మల్లాంటివే ఈనాటికీ క్లినిక్ గోడల మీద కనిపిస్తాయి.

మందు అసలు అవసరమా అన్న ప్రశ్నను గట్టిగా ముందుకు తెచ్చింది చెక్ వైద్యుడు కారెల్ లెవిట్. 241 మంది పేషెంట్లలో 312 నొప్పి చోట్ల వట్టి సూదితోనే చికిత్స చేస్తే 86.8 శాతం చోట్ల అప్పటికప్పుడు నొప్పి తగ్గిందని ఆయన 1979లో ప్రచురించారు. సూది ఎంత కచ్చితంగా నొప్పి చోట తగిలితే ఫలితం అంత బాగుందని కూడా గమనించారు. ఆ అంకె ఇప్పటికీ కోర్సుల్లో, కరపత్రాల్లో తిరుగుతూ ఉంటుంది. అయితే ఆ అధ్యయనంలో పోల్చడానికి సూది వెయ్యని గుంపు లేదు, ఉత్తుత్తి సూది వేసిన గుంపూ లేదు. అప్పటికప్పుడు తగ్గిన నొప్పి గురించి చెప్పిన అంకెను శాశ్వతంగా తగ్గిన నొప్పికి సాక్ష్యంగా చూపడం తప్పు.

సూది లోపల ఏం చేస్తుందన్నదాని మీద ఇంకా ఏకాభిప్రాయం లేదు. ఎక్కువమంది నేర్పే సిద్ధాంతం ఇలా ఉంటుంది. నరం వచ్చి కండరాన్ని కలిసే చోట అసిటైల్‌కోలిన్ అనే రసాయనం అవసరానికి మించి ఊరుతుంది. అక్కడి పీచు ముడుచుకుపోయి వదలదు. ముడుచుకున్న చోట రక్తనాళాలు నొక్కుకుపోయి ఆక్సిజన్ తగ్గుతుంది, పీచు వదులు కావడానికి కావలసిన శక్తే లేకుండా పోతుంది, నొప్పిని పుట్టించే రసాయనాలు పేరుకుంటాయి. సూది ఆ ముడిని కదిలించి, ఈ చక్రాన్ని తెంపుతుందంటారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో జే షా బృందం 2005లో, 2008లో ప్రచురించిన ప్రయోగాలు దీనికి కొంత బలమిచ్చాయి. మెడ, భుజం మధ్య ఉండే ట్రపీజియస్ కండరంలోకి ప్రత్యేకమైన సూది దించి అక్కడి ద్రవాన్ని పరీక్షిస్తే, నొప్పి ఉన్న ట్రిగర్ పాయింట్లలో సబ్‌స్టెన్స్ పి, బ్రాడీకైనిన్ లాంటి నొప్పి రసాయనాలు ఎక్కువగా ఉన్నట్టు, ఆమ్లత్వం పెరిగినట్టు కనిపించింది. అయితే ఆ ప్రయోగాలు పదిమంది లోపు మనుషుల మీద చేసినవి.

ఎదురు వాదన కూడా బలంగానే ఉంది. 2015లో క్వింట్నర్, బోవ్, కోహెన్ అనే ముగ్గురు పరిశోధకులు ట్రిగర్ పాయింట్ సిద్ధాంతం మొత్తాన్నీ ప్రశ్నిస్తూ ఒక సమీక్ష రాశారు. ఒకే పేషెంటును ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షిస్తే ట్రిగర్ పాయింట్ ఎక్కడుందన్నదాని మీద వాళ్ళకే సరిగా పొత్తు కుదరడం లేదని, నొప్పికి మూలం కండరంలోనే ఉందనడానికి ఆధారం చాలదని వాళ్ళు వాదించారు. ఆ విమర్శను పక్కకు తోసెయ్యడానికి లేదు. సూది దిగినప్పుడు చర్మంలో, కండరంలో ఉన్న నరాలు ప్రేరేపితమవుతాయి. వెన్నుపాము స్థాయిలో నొప్పి సంకేతాలు కొంత అణగుతాయి. మెదడు తన సొంత నొప్పినివారణ వ్యవస్థను కదిలిస్తుంది. దీనికి తోడు, నొప్పితో వచ్చిన మనిషిని ఒకరు శ్రద్ధగా చేత్తో తడిమి, నొప్పి ఉన్న చోటునే పట్టుకుని, అక్కడే ఏదో చేశారన్న నమ్మకం ఉంటుంది. నొప్పి విషయంలో ఈ నమ్మకానికి చాలా బలం ఉంది. ఫలితంలో ఎంత భాగం దేనిదో ఇంకా ఎవరూ విడదీసి చూపలేదు. కాబట్టి "మీ కండలో ముడి ఉంది, సూదితో విప్పేశాను" అని థెరపిస్టు చెబితే, అది పేషెంటుకు అర్థమవడం కోసం చెప్పిన ఒక వివరణగా తీసుకోవాలి తప్ప నిర్ధారణ అయిన విషయంగా కాదు.

ఆక్యుపంక్చర్‌తో తగవు ఇక్కడే వస్తుంది. సూది రెండిట్లోనూ ఒకటే. ఆక్యుపంక్చర్‌లో చీనా సంప్రదాయం చెప్పే నాడీమార్గాల మీది బిందువుల్లో వేస్తారు, ఇందులో శరీర నిర్మాణ శాస్త్రాన్ని బట్టి కండరం, నరం చూసుకుని వేస్తారు. ట్రిగర్ పాయింట్లలో 71 శాతం ఆక్యుపంక్చర్ బిందువులతో కలుస్తాయని 1977లో రొనాల్డ్ మెల్జాక్ బృందం అంచనా కట్టింది, ఆ లెక్క కట్టిన తీరును తర్వాతి పరిశోధకులు తప్పుపట్టారు. పేషెంటు వైపు నుంచి చూస్తే ఈ తగవు అంత ముఖ్యం కాదు. చర్మం దాటి దిగే సూదికి ఏ పేరు పెట్టినా దాని కింద ఉండేది అవే నరాలు, అవే రక్తనాళాలు, అదే ఊపిరితిత్తి.

ఇక రుజువుల సంగతి. 2017లో గాటీ, క్లీలాండ్, స్నోడ్‌గ్రాస్ అనే ముగ్గురు పరిశోధకులు, అప్పటిదాకా ఫిజికల్ థెరపిస్టులు సూది వేసిన పరీక్షల్ని జల్లెడపట్టారు. ఏ చికిత్సా లేనివాళ్ళతో, ఉత్తుత్తి సూది వేయించుకున్నవాళ్ళతో పోలిస్తే పన్నెండు వారాల వరకు నొప్పి ఎక్కువ తగ్గిందని తేలింది. ఆ రుజువు నాణ్యత మాత్రం చాలా తక్కువ నుంచి మధ్యస్థం వరకే అని వాళ్ళే రాశారు. ఇతర ఫిజియోథెరపీ పద్ధతులతో పోల్చినప్పుడు రోజువారీ పనులు చేసుకునే సామర్థ్యంలో తేడా కనిపించలేదు. మెడ తిరగడం, చెయ్యి ఎత్తడం, మెట్లెక్కడం, ఇవే కదా పేషెంటుకు కావలసినవి. వాటిలో సూదికి ప్రత్యేకమైన ఆధిక్యం లేదంటే, వ్యాయామంతోనో, థెరపిస్టు చేత్తో నొక్కి కదిలించే చికిత్సతోనో అదే చోటికి చేరుకోవచ్చన్నమాట.

మడమ నొప్పి మీద ఆస్ట్రేలియాలో కాచెట్ బృందం చేసి 2014లో ప్రచురించిన పరీక్ష ఈ విషయాన్ని ఇంకా విడమర్చి చూపిస్తుంది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేసేసరికి మడమలో పోటు వచ్చేవాళ్ళు 84 మందిని తీసుకుని, సగంమందికి అసలు సూది, సగంమందికి చర్మంలోకి దిగని ఉత్తుత్తి సూది వాడారు. అసలు సూది వేయించుకున్నవాళ్ళకు నొప్పి ఎక్కువగానే తగ్గింది. కానీ ఆ తేడా, పేషెంటు తన జీవితంలో గుర్తించగలిగే కనీస మేలుగా పరిశోధకులు ముందే పెట్టుకున్న గీతను దాటలేదు. గణాంకాల ప్రకారం గెలిచింది, మనిషి అనుభవంలో ఆ గెలుపు చిన్నది. ప్రతి ముగ్గురిలో ఒకరికి అదనంగా సూది నొప్పో, కమిలినట్టు కావడమో జరిగింది. మడమ నొప్పికి పిక్క సాగదీసే వ్యాయామం, చెప్పులు మార్చడం లాంటి ఖర్చు లేని పనులు చేసి చూశాకే సూది దాకా వెళ్ళాలనడానికి ఇది మంచి ఆధారం.

కీళ్ళ విషయానికొస్తే ఇంకాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. అరిగిన మృదులాస్థిని సూది తిరిగి పెంచలేదు. కీలు చుట్టూ బిగుసుకున్న కండరాల నుంచి వచ్చే నొప్పి మీదే దాని ప్రభావం. మోకాలి అరుగుదల ఉన్నవాళ్ళు 242 మందితో అమెరికాలో డన్నింగ్ బృందం చేసిన పరీక్షలో, వ్యాయామానికీ, చేత్తో చేసే చికిత్సకీ తోడు కరెంటు పెట్టిన సూదులు వాడినవాళ్ళకు బాగా ఎక్కువ మేలు కనిపించింది. కానీ రెండో గుంపుకు ఉత్తుత్తి సూది వెయ్యలేదు. ఏ గుంపులో ఉన్నదీ ఎవరికి వాళ్ళకు తెలుసు. స్పెయిన్‌లో సాంచెజ్ రొమేరో బృందం మోకాలి అరుగుదల ఉన్న వృద్ధులకు వ్యాయామం చేయిస్తూ, సగంమందికి అసలు సూది, సగంమందికి ఉత్తుత్తి సూది వాడినప్పుడు రెండు గుంపులూ దాదాపు సమానంగానే బాగుపడ్డాయి. ఈ రెండు పరీక్షల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మోకాలి నొప్పిలో ఎక్కువగా పని చేసినదేదో ఊహించొచ్చు. గుంపులన్నీ చేసిన వ్యాయామమే. మోకాళ్ళ నొప్పులతో ఉన్న పెద్దవాళ్ళకు పది సిటింగుల సూది ప్యాకేజీ అమ్మడం సమర్థించదగ్గ పని కాదు.

అయినా సూదిని పూర్తిగా కొట్టిపారెయ్యడానికి లేదు. నొప్పి వల్ల భుజం కదపడానికే భయపడే మనిషికి రెండు మూడు రోజులు నొప్పి తగ్గడం చిన్న విషయం కాదు. ఆ రెండు మూడు రోజుల్లో కదలిక వ్యాయామాలు మొదలుపెట్టి, మెల్లగా బరువు పెంచుకుంటూ పోతే కండరం ఆ పనికి అలవాటు పడుతుంది. బాగా పనిచేసే థెరపిస్టులు సూది తీసిన పది నిమిషాల్లోనే పేషెంటుచేత ఆ కండరాన్ని వాడిస్తారు. ట్రపీజియస్‌లో సూది వేస్తే వెంటనే మెడ తిప్పించి, భుజాలు ఎగరేయించి, రబ్బరు బ్యాండ్‌తో లాగిస్తారు. ఇంటి దగ్గర చెయ్యాల్సింది రాసిస్తారు, మళ్ళీ వచ్చినప్పుడు చేశారా లేదా అని అడుగుతారు. సూది వేసి పడుకోబెట్టి పంపించేస్తే, ఎనిమిది గంటలు అదే కుర్చీలో అదే భంగిమలో కూర్చునే మనిషికి వారం తిరిగేసరికి అదే నొప్పి రావడంలో ఆశ్చర్యం లేదు.

భద్రత గురించి మంచి లెక్కలే ఉన్నాయి. ఐర్లాండ్‌లో 39 మంది ఫిజియోథెరపిస్టులు 7,629 చికిత్సల్ని నమోదు చేస్తే, 1,463 చిన్నపాటి ఇబ్బందులు వచ్చాయి. కమలడం, రక్తపు చుక్క రావడం, నొప్పి, ఇవే ఎక్కువ. తీవ్రమైనది ఒక్కటీ లేదు. 2014లో ఆ ఫలితాలు వచ్చాయి. అమెరికాలో 420 మంది థెరపిస్టుల దగ్గర జరిగిన 20 వేలకు పైగా సిటింగుల లెక్క 2020లో వచ్చింది. అందులో మూడో వంతుకు పైగా చిన్న ఇబ్బందులు, 20 పెద్ద సంఘటనలు ఉన్నాయి. అంటే దాదాపు వెయ్యి సిటింగులకు ఒకటి. చికిత్స చేసిన థెరపిస్టులే రాసి పంపిన లెక్కలు కాబట్టి అసలు సంఖ్య కొంత ఎక్కువే ఉండొచ్చు. మర్నాడు, ఆ మర్నాడు కండ సలపడం మామూలే. సూది చూస్తేనే కళ్ళు తిరిగేవాళ్ళు కొందరుంటారు, అందుకే కూర్చోబెట్టి కాకుండా పడుకోబెట్టి వెయ్యాలి.

ఆ పెద్ద సంఘటనల్లో అందరూ భయపడేది న్యుమోథొరాక్స్. సూది ఊపిరితిత్తి పైపొరను తాకితే గాలి బయటికి వచ్చి ఛాతీలో చేరి, ఊపిరితిత్తి కుంచించుకుపోతుంది. చాలామందికి తెలియని సంగతేమిటంటే, ఊపిరితిత్తి పైకొస కాలర్ బోన్ కంటే రెండు మూడు సెంటీమీటర్లు పైకి, మెడ అడుగు దాకా ఉంటుంది. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళంతా "ఇక్కడే పట్టేస్తోంది" అని చేత్తో చూపించే చోటు సరిగ్గా దాని దాపునే ఉంది. సూది కోసం జనం అన్నిటికంటే ఎక్కువగా అడిగే చోటే సూదికి అన్నిటికంటే ప్రమాదకరమైన చోట్లలో ఒకటి. సన్నగా ఉన్న మనిషికి అక్కడ చర్మం నుంచి ఊపిరితిత్తి పొర దాకా ఉండే దూరం, వాడే సూది పొడవు కంటే తక్కువే.

దానికి పద్ధతి ఉంది. పేషెంటును బోర్లా పడుకోబెట్టి, ట్రపీజియస్ పై అంచును బొటనవేలికీ మిగతా వేళ్ళకీ మధ్య గట్టిగా పట్టుకుని ఛాతీ నుంచి పైకి ఎత్తుతారు. సూదిని ఆ పట్టుకున్న కండలోకే, అవతలి వేలి వైపుకు గురిపెట్టి వేస్తారు. సూది కొస ఛాతీ వైపు తిరగదు, పట్టు వదలరు. పక్కటెముకల మీద వెయ్యాల్సివస్తే ఎముక ఎక్కడుందో వేళ్ళతో అటూ ఇటూ పట్టుకుని, ఎముక మీదికే వేస్తారు. ఇంత నిపుణత ఉన్నచోట కూడా ప్రమాదం జరగొచ్చు. అమెరికా స్కీయింగ్ క్రీడాకారుడు టోరిన్ యేటర్ వాలెస్‌కు 2013లో పక్కటెముకల దగ్గర సూది చికిత్స తర్వాత ఊపిరితిత్తి దెబ్బతింది. 2025 డిసెంబర్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు టి.జె. వాట్‌కు డ్రై నీడ్లింగ్ తర్వాత ఊపిరితిత్తి పాక్షికంగా కుంచించుకుపోయి ఆపరేషన్ చెయ్యాల్సివచ్చింది. కోట్ల విలువైన ఆటగాళ్ళకు, అనుభవం ఉన్న సిబ్బంది చేతిలోనే అది జరిగింది.

ఈ ప్రమాదం వెంటనే తెలియకపోవచ్చు, కొన్ని గంటలు పట్టొచ్చు. సూది వేసిన రోజో మర్నాడో ఊపిరి తీసుకుంటే ఛాతీలో గుచ్చినట్టు నొప్పి రావడం, మెట్లెక్కితే ఆయాసం, ఆగని పొడిదగ్గు ఉంటే పెయిన్ కిల్లర్ వేసుకుని పడుకోకూడదు. ఎమర్జెన్సీకి వెళ్ళి, ఎప్పుడు ఎక్కడ సూది వేశారో చెప్పి, ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలి. ఆ లక్షణాలతో విమానం ఎక్కడం ఇంకా ప్రమాదం.

రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందుల మీద ఉన్నవాళ్ళు, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చెయ్యి వాచేవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్ళకు ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ, కాళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళకు సూది తేడా చేసినా తెలియదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు కరెంటు పెట్టే రకం జోలికి పోకూడదు.

వీటన్నిటికంటే ముందు తేలాల్సింది ఆ నొప్పి కండరానిదేనా అన్నది. ఎడమ భుజంలో సలుపు, నడిస్తే పెరిగి ఆగితే తగ్గుతోందంటే ముందు ఈసీజీ తీయించాలి, కండరం సంగతి తర్వాత. నడుం నొప్పితో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే మన దేశంలో వెన్నెముక టీబీని గుర్తు చేసుకోవాలి. మూత్రం అదుపు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, కాలు బలం పోవడం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, ఎలా పడుకున్నా తగ్గని నొప్పి ఉన్నా డాక్టర్ చూడాల్సిందే. ఇలాంటి పేషెంటుకు సూది వేస్తే సూది వల్ల హాని జరగకపోవచ్చు, కానీ రెండు మూడు వారాలు వృథా అవుతాయి. ఆ వారాలే కొన్నిసార్లు కీలకం.

ఎవరు వెయ్యొచ్చన్న ప్రశ్న మీద అమెరికాలో కోర్టుల దాకా వెళ్ళారు. వాషింగ్టన్ రాష్ట్రంలో 2014లో ఒక కోర్టు ఇది ఫిజికల్ థెరపిస్టుల పరిధిలోకి రాదంది. నార్త్ కరొలైనా సుప్రీంకోర్టు 2018లో వస్తుందని చెప్పింది. న్యూజెర్సీలో 2022లో చట్టం చేసి అనుమతించారు. కాలిఫోర్నియాలో మాత్రం ఫిజికల్ థెరపిస్టులకు ఆ అనుమతి లేదు. ఈ పనికి కావలసిన జ్ఞానంలో 86 శాతం ఫిజికల్ థెరపీ డిగ్రీలోనే వచ్చేస్తుందని, మిగతా 14 శాతం విడిగా నేర్చుకోవాలని అమెరికాలోని ఫిజికల్ థెరపీ లైసెన్సింగ్ బోర్డుల సమాఖ్య 2015లో చేయించిన అధ్యయనం చెప్పింది. ఆ 14 శాతంలో ముఖ్యమైనది సూదిని ఎటు, ఎంత లోతు దించాలన్నదే. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2016లో, డాక్టర్లు కాకుండా డ్రై నీడ్లింగ్ చేసేవాళ్ళందరికీ కనీసం ఆక్యుపంక్చర్‌కు ఉన్నలాంటి శిక్షణ ప్రమాణాలు ఉండాలని తీర్మానించింది.

మన దేశంలో ఫిజియోథెరపీతో సహా అనేక ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్ ఏర్పాటు చేస్తూ 2021లో చట్టం వచ్చింది. నీడ్లింగ్ మటుకు చాలామంది శని, ఆదివారాల్లో జరిగే రెండు మూడు రోజుల కోర్సుల్లో నేర్చుకుంటున్నారు. శరీర నిర్మాణ శాస్త్రం డిగ్రీలో బాగా చదివినవాళ్ళకు పిరుదు, పిక్క లాంటి చోట్ల వెయ్యడానికి ఆ కోర్సు పునాది కావొచ్చు. మెడ అడుగున, పక్కటెముకల మీద వెయ్యడానికి ఆ రెండు రోజులు చాలవు. అనుభవజ్ఞుల కళ్ళ ముందు కొన్నాళ్ళు చేశాకే అక్కడ సూది పట్టుకోవాలి.

పేషెంటుకు ఇవన్నీ కనుక్కునే హక్కు ఉంది, అడగడానికి మొహమాటపడక్కర్లేదు. ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్నాళ్ళుగా వేస్తున్నారు, ఛాతీ దగ్గర వేసేటప్పుడు ఎలా పట్టుకుంటారు అని అడిగితే పని తెలిసినవాళ్ళు కోపగించుకోరు. సూది సీల్ చేసిన ప్యాకెట్ నుంచి కళ్ళెదుటే తియ్యాలి. వాడిన సూదులు చెత్తబుట్టలోకి పోకూడదు. 2016 నాటి బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం వాటికి గుచ్చుకుపోని తెల్లని, అర్ధపారదర్శకమైన డబ్బా ఉండాలి. టేబుల్ పక్కన ఆ డబ్బా కనిపించని క్లినిక్‌లో సూది వేయించుకోకపోవడమే మంచిది.

డబ్బు దగ్గర కూడా ముందే మాట్లాడుకోవాలి. అమెరికాలో 2020 నుంచి దీనికి విడిగా రెండు బిల్లింగ్ కోడ్లు ఉన్నాయి. ఒకటి లేదా రెండు కండరాలకైతే 20560, మూడు లేదా అంతకంటే ఎక్కువైతే 20561. కోడ్ ఉన్నంత మాత్రాన ఇన్సూరెన్స్ ఇస్తుందని కాదు. చాలా ప్లాన్లు దీన్ని కవర్ చెయ్యవు, కాబట్టి చేతి నుంచి ఎంత పడుతుందో సిటింగ్‌కి ముందే రాయించుకోవాలి. మన దేశంలో చాలావరకు జేబు నుంచే కడతారు, పది సిటింగుల ప్యాకేజీకి తగ్గింపు ఇస్తామన్న మాట ప్రతి చోటా వినిపిస్తుంది. మొదటి రోజే పదింటికి డబ్బు కట్టాల్సిన అవసరం లేదు. మొదటి సిటింగ్‌కి ముందు మెడ ఎంతవరకు తిరుగుతోందో, చెయ్యి ఎంత ఎత్తుకు లేస్తోందో, నొప్పి పదికి ఎంత ఉందో రాసి పెట్టించుకోవాలి. ప్రతి సిటింగ్ తర్వాతా, వారం ఆగి కూడా, అవే కొలతలు మళ్ళీ తీయించాలి. మూడు నాలుగు సిటింగులు అయ్యాక, చెప్పిన వ్యాయామాలు రోజూ చేశాక కూడా ఆ అంకెలు కదలలేదంటే సూది ఆపేసి, అసలు నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో మళ్ళీ మొదటి నుంచి పరీక్ష చేయించుకోవాలి.